చెత్త ఊట: లెక్కలోకి రాని నీళ్లు



తిరుపతిలో రోజుకు ఎంత చెత్త పోగవుతోంది అని అడిగితే జవాబు టన్నుల్లో వస్తుంది. తడి చెత్త ఎంత, పొడి చెత్త ఎంత, తూకివాకం ప్లాంటుకు ఎంత వెళ్లింది, ఎరువుగా ఎంత మారింది అని వివరాలు కూడా చెబుతారు. ఈ పనిలో మన ఊరు వెనకబడి ఏమీ లేదు. 2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో లక్షకు పైగా జనాభా ఉన్న నగరాల్లో తిరుపతికి దేశంలోనే ఏడో స్థానం వచ్చింది. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధిలోకి వచ్చే కార్మికుల కష్టం అందులో ఉంది. అయితే అదే చెత్తలోంచి ఎన్ని లీటర్ల నీళ్లు కారాయి, ఆ నీళ్లు ఏ వంకలోకి పోయాయి అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఈ రోజు నా ప్రసంగం ఆ నీళ్ల గురించే.

చెత్త లారీ వెళ్లాక రోడ్డు మీద నల్లటి చార మిగులుతుంది. రెండు నిమిషాల పాటు ముక్కు మూసుకుంటాం, తర్వాత మరిచిపోతాం. ఆ కారే ద్రవాన్ని ఇంజనీర్లు లీచేట్ అంటారు. చెత్త ఊట అంటే మనకు ఇంకా సులభంగా అర్థమవుతుంది. అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు, పుచ్చకాయ చెక్కులు, పూజ పూలు, అరిటాకులు... వీటి బరువులో 70 నుంచి 80 శాతం నీళ్లే. అంటే టన్ను వంటింటి చెత్తలో 700 లీటర్లకు తగ్గకుండా నీళ్లున్నాయన్న మాట. అందులో కొంత ఎండకు ఆవిరైపోతుంది. మిగిలింది లారీలో నొక్కినప్పుడు, కుప్పలో కుళ్లినప్పుడు, వాన పడినప్పుడు బయటికొస్తుంది. వచ్చేటప్పుడు ఊరికే రాదు, కుళ్లిన పదార్థమంతటినీ కరిగించుకుని వస్తుంది.

దాని బలం ఎంతో చెప్పడానికి ఒక కొలత ఉంది. నీళ్లలో ఉన్న మురికిని పూర్తిగా ఆక్సీకరణం చేయాలంటే ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత అది. దాన్ని సీఓడీ అంటారు. మన ఇళ్ల మురుగునీటిలో అది లీటరుకు సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాములు ఉంటుంది. కొత్త చెత్త నుంచి కారే ఊటలో 10 వేల నుంచి 60 వేల మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అచ్చంగా అన్నం, కూరల చెత్తను పిండి తీసిన నీళ్లయితే లక్ష కూడా దాటుతుంది. అందుకే ఈ ఊటను తీసుకెళ్లి మామూలు మురుగునీటి శుద్ధి కేంద్రంలో కుమ్మరించి చేతులు దులుపుకోవడం కుదరదు. ఒక్క ట్యాంకరు ఊట ఇరవై నుంచి వంద ట్యాంకర్ల మురుగంత భారం మోపుతుంది.

తిరుపతికి ఈ విషయం మరే ఊరికన్నా ఎక్కువ పట్టాలి. కారణం మనందరికీ తెలుసు. ఇది నిత్యం లక్షల చేతులు అన్నం తినే ఊరు. తిరుమలలో అన్నదాన పథకం 1985లో ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. 2011లో మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు మీద పెద్ద అన్నప్రసాద భవనం వచ్చింది. కొండ మీదికి రోజూ వచ్చే భక్తులు ఎంత తక్కువన్నా అరవై, డెబ్బై వేలు. కొండ కింద సత్రాలు, హోటళ్లు, కల్యాణ మండపాలు, బస్టాండు చుట్టూ టిఫిన్ బండ్లు. ఇంతమందికి ఆకలి తీర్చే ఊరిలో ఆకులో మిగిలింది కూడా ఎక్కువే అవుతుంది. అన్నం పెట్టడం పుణ్యమే. ఆ అన్నం తాలూకు మిగులు నీళ్లను కింద ఊరి బోరులోకి వదలడంలో మాత్రం పుణ్యం లేదు.

తిరుమల కొండ మీదే కాకులమాను దిబ్బ దగ్గర ఏళ్ల తరబడి చెత్త పోగుపడింది. చుట్టూ శేషాచలం అడవి. 2010లో దాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. గోగర్భం, పాపవినాశనం జలాశయాలు ఆ కొండల్లోనే ఉన్నాయి. కొండ మీద పడిన చుక్క కిందికే వస్తుంది, దానికి వేరే దారి లేదు. కొండ కింద రామాపురం యార్డులో నగరం పాత చెత్త ఉంది. ఆ పాత చెత్తను తవ్వి జల్లెడ పట్టి, మట్టి వేరు, ప్లాస్టిక్ వేరు చేసే పని పెట్టుకున్నారు. మంచి పని. తవ్వేటప్పుడు లోపల ఏళ్లుగా నిలిచిన ఊట కూడా కదులుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక వాన సంగతి. మన ప్రాంతాన్ని కరవు సీమ అంటాం. చెత్త కుప్ప విషయంలో మాత్రం మన వానల తీరు మరీ ఇబ్బంది పెడుతుంది. పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, కొద్ది రోజుల్లోనే గుమ్మరిస్తాయి. 2021 నవంబరు తిరుపతి వాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. వీధుల్లో వాహనాలు కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి ఒడ్డు దాటింది. ఒక చిన్న లెక్క చూడండి. ఒక ఎకరా విస్తీర్ణం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. పది ఎకరాల చెత్త దిబ్బ పైన కప్పేమీ లేకుండా ఉంటే ఒక్క తుపాను రోజున 40 లక్షల లీటర్ల వాన నీళ్లు దాని మీద పడతాయి. అందులో సగం లోపలికి ఇంకినా చాలు. ఏ యంత్రం పెట్టినా ఆ నీళ్లను శుద్ధి చేసి తట్టుకోలేదు. కాబట్టి యంత్రం గురించి మాట్లాడే ముందు ఒక మాట చెప్పాలి. దిబ్బ మీద కప్పు, చుట్టూ వాన నీళ్లు మళ్లించే కాలువ, కింద ఊటను పట్టే పైపులు లేకుండా శుద్ధి ప్లాంటు కట్టడం దండగ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను పూడ్చే కొత్త ల్యాండ్‌ఫిల్ కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ప్లాస్టిక్ పొర ఉండాలన్నాయి. పాత డంపింగ్ యార్డులు ఆ నిబంధనల కన్నా ముందే పుట్టాయి. వాటి కింద ఉన్నది నేలే.

అలా వదిలేస్తే ఏమవుతుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ పక్కన జవహర్‌నగర్ ఉంది. నగరం చెత్తంతా ఏళ్ల తరబడి అక్కడికే చేరింది. దిబ్బ నుంచి కారిన ఊట మల్కారం చెరువులోకి దిగింది. చెరువు నల్లబడింది, చుట్టుపక్కల కాలనీల్లో బోరు నీళ్లు వాడుకోలేనివిగా మారాయి. జనం ధర్నాలు చేశారు, కోర్టులకు వెళ్లారు. చివరికి దిబ్బ మీద పొర కప్పారు. 2023లో ఊట శుద్ధి ప్లాంటును ప్రారంభించారు, చెరువు శుద్ధి చేపట్టారు. చేసినందుకు సంతోషమే. అయితే అది వందల కోట్ల రూపాయల పని అయింది. ముందే పట్టించుకుని ఉంటే అందులో చిన్న వాటా సరిపోయేది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ఇంకా హైదరాబాద్ అంత కాలేదు. అందుకే ఇప్పుడు మాట్లాడుతున్నాను.

ఊటను శుద్ధి చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో నాకు బాగా నమ్మకం కలిగించింది మెంబ్రేన్ బయో రియాక్టర్. ఎంబీఆర్ అని పిలుస్తారు. పేరు బరువుగా ఉంది కానీ పని సూటిగానే ఉంటుంది. మురికిని తినేది సూక్ష్మజీవులే. తొట్టిలో గాలి ఊదుతూ ఉంటే అవి పెరిగి, నీళ్లలో కరిగిన పదార్థాన్ని తిని, బురదగా మారతాయి. ఇంతవరకూ మామూలు మురుగు ప్లాంటులో జరిగేదే. అక్కడ ఆ బురద అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లను తీసుకుంటారు. చెత్త ఊటలో ఈ తేరడమే సరిగా జరగదు. ఉప్పు ఎక్కువ, నురగ ఎక్కువ. బురద తేలిపోయి నీళ్లతో పాటు బయటికి పోతుంది. దాంతో పాటే, పని చేయాల్సిన సూక్ష్మజీవులూ పోతాయి.

ఎంబీఆర్‌లో తేరేదాకా ఆగే పని లేదు. తొట్టిలో సేమ్యా పోగుల్లాంటి సన్నని గొట్టాల కట్టలు వేలాడుతుంటాయి. ఒక్కో గొట్టం మందం ఒకటి, రెండు మిల్లీమీటర్లు, లోపల బోలు. గొట్టం గోడలో ఉన్న రంధ్రాలు మైక్రాన్‌లో పదో వంతుకు అటూ ఇటూ ఉంటాయి. మామూలు బ్యాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. పంపు లోపలి నుంచి మెల్లగా లాగితే నీళ్లు గొట్టంలోకి వస్తాయి, సూక్ష్మజీవులు బయటే ఆగిపోతాయి. వచ్చిన నీళ్లలో మడ్డి ఉండదు. తొట్టిలో సూక్ష్మజీవుల సాంద్రత మామూలు ప్లాంటు కన్నా మూడు, నాలుగు రెట్లు పెంచుకోవచ్చు. కాబట్టి తొట్టి చిన్నదైనా సరిపోతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1960ల చివర్లో అమెరికాలో డోర్ ఆలివర్ కంపెనీ మొదలుపెట్టింది. అప్పట్లో నీళ్లను బయటి వడపోతలోకి బలంగా తోసేవారు. కరెంటు ఖర్చు విపరీతంగా అయ్యేది. 1989లో జపాన్‌లో యమమోటో బృందం గొట్టాలను తొట్టిలోనే ముంచి, మెల్లగా లాగవచ్చని చూపించింది. ఆ తర్వాతే ఇది ప్రపంచమంతా పాకింది. మన దేశంలోనూ పెద్ద నగరాల్లో మురుగునీటికి వాడుతున్నారు. జర్మనీలో 1990ల నుంచీ చెత్త ఊటకు వాడుతున్నారు.

ఇంత చెప్పి అసలు సంగతి చెప్పకపోతే తప్పు. చెత్త ఊటలో పెద్ద కష్టం కంటికి కనబడే నలుపు కాదు, అమ్మోనియా. పప్పు, పెరుగు, మాంసం, గుడ్లు... వీటిలోని మాంసకృత్తులు కుళ్లితే అమ్మోనియా వస్తుంది. పాత దిబ్బల ఊటలో అది లీటరుకు వెయ్యి, రెండు వేల మిల్లీగ్రాములు ఉండడం మామూలే. నిబంధన ప్రకారం వంకల్లోకి వదలాలంటే 50 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మోనియా ఎక్కువైతే చేపలు చస్తాయి. నేలలో దిగి నైట్రేటుగా మారితే బోర్లు పాడవుతాయి. తాగే నీళ్లలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం చెబుతోంది. నీళ్లు కలిపిన సీసా పాలు తాగే పసిబిడ్డల విషయంలో ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు వేరే రకం. అవి చాలా నిదానంగా పెరుగుతాయి. మామూలు బ్యాక్టీరియా కొన్ని గంటల్లో రెట్టింపైతే, ఇవి రెట్టింపు కావడానికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. మామూలు ప్లాంటులో అవి పెరిగే లోపే నీళ్లతో కొట్టుకుపోతాయి. ఎంబీఆర్ వాటిని బయటికి పోనివ్వదు. నీళ్లు ఒకట్రెండు రోజుల్లో వెళ్లిపోయినా, సూక్ష్మజీవులు నెల రోజులైనా తొట్టిలోనే ఉండి పని చేస్తాయి. నన్ను అడిగితే ఎంబీఆర్ గొప్పతనం తేటగా నీళ్లు ఇవ్వడంలో లేదు, ఇక్కడ ఉంది.

దీనికి ధర ఉంది. ఒక కిలో అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చాలంటే నాలుగున్నర కిలోల పైచిలుకు ఆక్సిజన్ ఊదాలి. రోజుకు లక్ష లీటర్ల పాత ఊట, లీటరుకు 1500 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని అనుకుందాం. రోజుకు 150 కిలోల నత్రజని అవుతుంది. దానికి దాదాపు 685 కిలోల ఆక్సిజన్ కావాలి. గాలి ఊదే బ్లోయర్లకే రోజుకు ఐదారు వందల యూనిట్ల కరెంటు పోతుంది. గొట్టాల మీద బురద పేరుకోకుండా కింద నుంచి బుడగలు పంపడానికి అయ్యేది అదనం. రాత్రి కరెంటు పోయి జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి తొట్టి కుళ్లుతుంది, మళ్లీ తేరుకోవడానికి వారాలు పడుతుంది.

మన ఎండ సంగతి కూడా చెప్పాలి. యూరప్‌లో తయారైన డిజైన్లను తెచ్చి ఇక్కడ బిగించేవాళ్లు దీన్ని మరిచిపోకూడదు. ఊట చిక్కగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులు తినే పనిలోనే వేడి పుడుతుంది. జర్మనీ చలిలో కూడా కొన్ని ప్లాంట్లకు నీళ్లను చల్లబరిచే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. మే నెలలో మన దగ్గర బయటే 42 డిగ్రీలుంటే, బ్లోయర్ నుంచి వచ్చే గాలి ఇంకా వేడి. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులకు 30, 35 డిగ్రీలు హాయి. 40 దాటితే బాగా దెబ్బతింటాయి. తిరుపతిలో ఎంబీఆర్ కడితే తొట్టి మీద నీడ, చల్లబరిచే యంత్రం టెండరులోనే రాసి ఉండాలి. తర్వాత చూద్దాం అంటే మొదటి వేసవిలోనే ప్లాంటు పడుకుంటుంది.

ఈ యంత్రం చేయలేనివి కూడా ఉన్నాయి. ఉప్పును ఇది ఆపదు. మన సాంబారులో, ఊరగాయలో, చట్నీలో వేసిన ఉప్పంతా గొట్టం గోడ దాటి ఇటువైపు వచ్చేస్తుంది. పాత ఊటలోని గోధుమ రంగును కూడా పూర్తిగా తీసేయలేదు. ఏళ్ల తరబడి కుళ్లగా కుళ్లగా మిగిలిన ఆ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినలేవు. అందుకే చాలా చోట్ల ఎంబీఆర్ తర్వాత నానో ఫిల్టరో, ఆర్వోనో పెడతారు. ఇళ్లలో ఆర్వో యంత్రం పక్క గొట్టంలోంచి పారే నీళ్లు మీకు తెలుసు. ఇక్కడ కూడా అదే జరుగుతుంది. నూరు లీటర్లలో పదిహేను, ఇరవై లీటర్లో, కొన్నిసార్లు ఇంకా ఎక్కువో మరింత చిక్కటి ఉప్పు నీళ్లుగా మిగులుతాయి. కొన్ని చోట్ల ఆ నీళ్లను తీసుకెళ్లి మళ్లీ చెత్త దిబ్బ మీదే పోస్తారు. ఇది శుద్ధి చేయడం కాదు, వాయిదా వేయడం. కొన్నేళ్లలో ఊట ఇంకా ఉప్పగా మారి, ఎంబీఆర్‌లోని సూక్ష్మజీవులనే దెబ్బతీస్తుంది. ఆ మిగిలిన నీళ్లను ఆవిరి చేసే ఏర్పాటు ఉందా లేదా అన్నది టెండరు చదివేటప్పుడు నేను మొదట చూసే పేజీ.

మరి అన్నం, కూరల చెత్త నుంచి వచ్చే ఊటను నేరుగా ఎంబీఆర్‌లోకి పంపవచ్చా? పంపకూడదు. అందులో నూనె, నెయ్యి ఉంటాయి. గొట్టాల రంధ్రాలకు జిడ్డు పట్టిందంటే బ్లీచింగ్ ద్రావణంతో, నిమ్మ ఉప్పుతో ఎన్నిసార్లు కడిగినా పాత ఓపిక రాదు. పైగా అంత చిక్కటి ఆహారాన్ని గాలి ఊది కరిగించడం కరెంటును తగలేయడమే. దాన్ని ముందు గాలి తగలని డైజెస్టర్‌లో పులియబెట్టాలి. టన్ను ఆహార వ్యర్థం నుంచి సుమారు వంద ఘనపు మీటర్ల బయోగ్యాస్ వస్తుంది. వంటకు వాడుకోవచ్చు. తూకివాకంలో తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ప్లాంటు పెట్టింది ఇందుకే. తిరుమలలో అన్నప్రసాదం వంటకు అలాంటి గ్యాస్ ఇవ్వడానికి ఇండియన్ ఆయిల్ సంస్థ ప్లాంటు తలపెట్టింది. చాలామంది ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటారు. గ్యాస్ పోయాక తొట్టిలో నీళ్లు మిగులుతాయి. పులిసిన మాంసకృత్తుల అమ్మోనియా అంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. ఎంబీఆర్ పని అక్కడ మొదలవుతుంది. గ్యాస్ ప్లాంటు పెట్టి, దాని వెనక నీళ్ల ప్లాంటు పెట్టకపోతే పని సగంలో ఆగినట్టే.

దక్షిణ కొరియా ఈ పాఠాన్ని ఖర్చుపెట్టి నేర్చుకుంది. 2005 నుంచి ఆహార వ్యర్థాలను ల్యాండ్‌ఫిల్‌లో వేయడం అక్కడ నిషేధం. జనం వేరుచేసి ఇచ్చారు, ఫ్యాక్టరీలు వాటిని పశువుల దాణాగా, ఎరువుగా మార్చాయి. పిండగా వచ్చిన నీళ్లను మాత్రం ఓడల్లో తీసుకెళ్లి సముద్రంలో పోసేవారు. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 2013లో దాన్నీ ఆపాల్సి వచ్చింది. అప్పుడు డైజెస్టర్లు, శుద్ధి ప్లాంట్లు కట్టుకున్నారు. చెత్తను వేరుచేయడంలో అంత క్రమశిక్షణ ఉన్న దేశం కూడా నీళ్ల సంగతి చివరికి గానీ తేల్చుకోలేదు. మనం ఆ వరసను తిరగేయవచ్చు.

ఇక చిత్తూరు వైపు వద్దాం. జూన్, జులై నెలల్లో చిత్తూరు, బంగారుపాళెం, పుత్తూరు దారుల్లో వెళ్తే తోతాపురి లారీలు బారులు తీరి ఉంటాయి. దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమకు ఈ ప్రాంతం పెద్ద కేంద్రం. కాయ బరువులో మూడో వంతుకు పైగా తొక్కా, టెంకే. కడిగిన నీళ్లు, తొక్కల రసం, యంత్రాలు శుభ్రం చేసిన నీళ్లు అన్నీ పుల్లగా, తీయగా, చిక్కగా వస్తాయి. సరిగా చూసుకోని చోట కయ్యల పక్కన, వంకల్లో మగ్గుతుంటాయి. 2025లో ధర పడిపోయినప్పుడు రైతులు కాయలనే రోడ్ల పక్కన పారబోసుకున్నారు. చేతికొచ్చిన పంట అలా నేలపాలు కావడం చూసినవాళ్లకు కడుపు తరుక్కుపోయింది. ఆ కుళ్లు నీళ్లు ఎటు పోయాయో పట్టించుకునే స్థితిలో అప్పుడు ఎవరూ లేరు.

గుజ్జు ఫ్యాక్టరీల నీళ్లకు ఎంబీఆర్ పెట్టడంలో ఒక చిక్కుంది. సీజను రెండు, మూడు నెలలే. మిగతా కాలం సూక్ష్మజీవులకు తిండి ఉండదు, చచ్చిపోతాయి. మళ్లీ జూన్‌లో మొదటి లారీ వచ్చేసరికి తొట్టి సిద్ధంగా ఉండాలంటే ముందు నెలలోనే వేరే ప్లాంటు బురద తెచ్చి, కొద్దికొద్దిగా మేపి పెంచుకోవాలి. దీనికి బదులు నాకు మరో ఆలోచన ఉంది. పాత చెత్త దిబ్బ ఊటలో నత్రజని విపరీతం, సూక్ష్మజీవులు తినగలిగే కార్బన్ లేదు. మామిడి నీళ్లలో చక్కెర రూపంలో కార్బన్ దండిగా ఉంది, నత్రజని లేదు. అమ్మోనియా నైట్రేటుగా మారాక, ఆ నైట్రేటును మామూలు నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదలాలంటే గాలి లేని తొట్టిలో సూక్ష్మజీవులకు కార్బన్ పెట్టాలి. చాలా ప్లాంట్లలో ఇందుకోసం మిథనాల్ కొంటారు. కిలో నత్రజనికి సుమారు ఐదు కిలోల సీఓడీ కావాలి. ఇందాక చెప్పిన 150 కిలోల నత్రజనికి 750 కిలోలు. లీటరుకు పది గ్రాముల సీఓడీ ఉన్న పండ్ల నీళ్లయితే 75 వేల లీటర్లు, అంటే రోజుకు ఎనిమిది ట్యాంకర్ల లోపు. కొరియాలో ఆహార వ్యర్థాల నీళ్లను ఇలా వాడిన అనుభవం ఉంది. మామిడి సీజనులో మామిడి నీళ్లు, మిగతా కాలం హోటళ్ల నుంచి వచ్చే పులిసిన నీళ్లు. ఐఐటీ తిరుపతి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. ఒక చిన్న తొట్టి పెట్టి ఏడాది పాటు పరీక్షించి చూడదగిన విషయం ఇది. కాలేజీలో ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటున్న పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి దీన్ని పట్టుకోండి.

యంత్రాలు కొనడం సులభం. రిబ్బను కత్తిరించిన రోజున ఏ ప్లాంటైనా తళతళలాడుతుంది. రెండేళ్లకు బ్లోయర్ ఆగుతుంది, గొట్టాలు తెగుతాయి, కొత్తవి తెప్పించడానికి ఫైలు తిరుగుతుంటుంది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర పని ఆగిపోతుంది. అందుకే కట్టే కంపెనీకే పదేళ్ల నిర్వహణ అప్పగించి, శుద్ధి అయిన లీటరును బట్టి, అది కూడా అమ్మోనియా 50 లోపు ఉంటేనే డబ్బు ఇచ్చే ఒప్పందం మేలు. తొట్టి దగ్గర రాత్రీ పగలూ కూర్చునే ఆపరేటరుకు చదువూ, నెల జీతమూ సక్రమంగా ఉండాలి. అతను తొట్టి వాసన చూసి, నురగ రంగు చూసి రోగం చెప్పగలిగేంత అనుభవం సంపాదించేదాకా అతన్ని అక్కడి నుంచి మార్చకూడదు. ఎంబీఆర్ బతకడం, చావడం అతని చేతుల్లో ఉంటుంది.

చిన్న ఊళ్లకు, పంచాయతీలకు ఎంబీఆర్ అక్కర్లేదు. ఎరువు తయారుచేసే షెడ్డుకు పైకప్పు, గచ్చు నేల, ఒక పక్కకు వాలు, ఊట చేరే చిన్న తొట్టి ఉంటే చాలు. ఆ ఊటను మళ్లీ అదే ఎరువు కుప్ప మీద చల్లుకోవచ్చు, కుప్పకు తడి కావాలి కదా. పది మంది ఉన్న ఊరికి పెద్ద ఆసుపత్రి యంత్రాన్ని అంటగట్టే అలవాటు మంచిది కాదు.

హోటళ్ల, సత్రాల, కల్యాణ మండపాల యజమానులకు నా విన్నపం. మిగిలిన సాంబారు, రసం, మజ్జిగ కాలువలో పోయకండి. నూనె వేరుగా పట్టండి, కొనేవాళ్లున్నారు. తడి చెత్త డబ్బాలో ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా పడనివ్వకండి. డైజెస్టర్ పంపుకు చుట్టుకుని ప్లాంటును ఆపేది ఆ కవరే.

నగరపాలక సంస్థలను, మున్సిపాలిటీలను, దేవస్థానాన్ని కోరేది ఒక్కటే. ప్రతి చెత్త యార్డు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టండి. ఈ నెల ఎన్ని లీటర్ల ఊట పట్టారు, లోపలికి వచ్చినప్పుడు అమ్మోనియా ఎంత, బయటికి వెళ్లేటప్పుడు ఎంత, చుట్టుపక్కల మూడు బోర్లలో నైట్రేటు ఎంత అని తెలుగులో రాయించండి. నెలకోసారి మార్చండి. శ్రోతలారా, మీ ఊరి యార్డుకు వెళ్లినప్పుడు ఆ బోర్డు కోసం చూడండి. లేకపోతే వార్డు సభలో నిలబడి అడగండి. అడగడానికి ఇంజనీరై ఉండక్కర్లేదు, ఆ ఊరి నీళ్లు తాగేవాళ్లయితే చాలు.